ఆరుసార్లు కట్ చేసిన ఫోన్

శ్రీవాణీ,

మూడో సాంచ బందు పెట్టిన. మగ్గం మీద పోగులు తెగినయి. నువ్వు ముట్టకు, ఐలయ్య మామ వచ్చి అతుకుతడు. అమ్మ బీపీ గోలీ ఫ్రిజ్ మీద ఉన్నది, తిన్నంక ఇయ్యి.

నీకు చెప్పినట్టు నేను నూలు కోసం పోతలేను. హైదరాబాద్ దవాఖానకు పోతున్న. నాలుగొద్దుల సంది ఏసుకుంటున్న సూదులు నడుము నొప్పికి గాదు. నిన్న నువ్వు నడుముకు నూనె రాస్తుంటే నిద్రపోయినట్టు కండ్లు మూసుకున్న.

పోయినేడు నిన్ను పరీక్షకు కోరుట్ల తోల్కపోయిన నాడు, కాలేజీ క్యాంపుల దూదిపుల్లతోని నా బుగ్గ లోపల తుడిచి తీసుకున్నరు, యాదికున్నదా? నా ఎముకల మూలుగ ఎవలో రక్తం జబ్బున్న పదకొండేండ్ల పిల్లకు కలిసిందట. పేరు, ఊరు చెప్పరు. గా సూదులు గందుకే. వెన్నుల గుచ్చుతరని భయపడకు. చేతిలకెల్లి రక్తం తీసి, కావాల్సింది ఉంచుకొని మిగిలింది మల్ల ఎక్కిస్తరు. రేపు సాయంత్రానికి వస్త.

నువ్వు వద్దంటవని దాచలే. ఇది చెప్తే ఇంకోటి గూడ చెప్పాలె, గందుకే దాచిన. గా బుగ్గ తుడిచినోల్ల నంబర్‌కెల్లి ఆరుసార్లు ఫోన్ వస్తే క్రెడిట్ కార్డోల్లని కట్ చేసిన. ఏడోసారి తిడుదామనే ఎత్తిన. "సార్, రెండు నెలల నుంచి చేస్తున్నం" అన్నది గా మేడం. గంతే, ఒక్క మాట అనలే. తిట్టినా బాగుండు. గా పిల్ల రెండు నెలలు మంచంల ఉంటే, నేను సాంచల కాడ నిలబడి ఫోన్ కట్ చేసుకుంట ఉన్న.

హరీశ్

దవాఖానోల్లకు నీ నంబర్ ఇచ్చిన. కొత్త నంబరని నా లెక్క కట్ చెయ్యకు.