కాశీ వెళ్లొచ్చిన గుండె

జూలై 18
రిజైన్ చేస్తే జీతం పోతుందని తెలుసు. మామయ్యగారి ఇన్సూరెన్స్ కూడా పోతుందని ఇవాళ హెచ్.ఆర్. వాళ్లు ఫోన్ చేసేదాకా తట్టలేదు. నా గ్రూప్ పాలసీ ముప్పై ఒకటితో ఆఖరు. ఆలోపు అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారాలి. తేదీ దాటితే, స్టెంట్ ఉన్న డెబ్బై ఏళ్ల మనిషిని ఎవరూ తీసుకోరట.

హైదరాబాద్ ఆఫీసుకి వచ్చి తీరాలన్నారని కోపంతో మానేశాను. ఆ కోపం ఇప్పుడు ఆయన నెత్తిన పడింది.

జూలై 20, మధ్యాహ్నం
మా జగ్గయ్యపేటలో ఉన్న ఏజెంట్ అయితే వద్దేవద్దన్నారు మామయ్యగారు. బజారులో మాది పప్పుల హోల్‌సేల్ కొట్టు. యజమాని గుండె బాగోలేదని తెలిస్తే సరుకు పంపేవాళ్లు వెనకాడతారని ఆయన భయం. అందుకే రెండేళ్ల కిందట హైదరాబాద్‌లో స్టెంట్ వేయించుకుని, కాశీ వెళ్లొచ్చామని అందరికీ చెప్పారు. ఎదురుకొట్టు బుల్లిబాబుగారికి గంగాజలం కూడా ఇచ్చారు. అది ఏ కొట్లో కొన్నారో నేను అడగలేదు.

జూలై 22
నందిగామలో ఏజెంట్ సతీష్‌బాబుకి ఫారం ఇచ్చి వచ్చాను. బస్సులో చిల్లకల్లు దాటాక గానీ సీటు దొరకలేదు. అయినా ప్రాణం కాస్త కుదుటపడింది.

జూలై 26
తిప్పి పంపారు! పాత జబ్బుల గడిలో ‘ఏమీ లేవు’ అని ఉందట. సంతకానికి ఇచ్చినప్పుడు మామయ్యగారే రాసేశారు. నేను చూసుకోలేదు. తప్పు నాదే, అయినా ఒళ్లు మండిపోతోంది.

మీ స్టెంట్ బిల్లు కట్టింది ఆ కంపెనీయే కదా మామయ్యా అన్నాను. ఆళ్లు హైదరాబాదోళ్లమ్మా, ఈ కాయితం చూసేది నందిగామోడు, వారంవారం మన బజారుకొస్తాడు అన్నారు. మా ఆయన శ్రీకర్ నవ్వాడు. ఇద్దర్నీ కలిపి తిట్టాను.

జూలై 27
ఆన్‌లైన్‌లో నేనే నింపాను, ఉన్నది ఉన్నట్టు. ఇక కంపెనీ డాక్టర్ ఆయనకే ఫోన్ చేస్తుంది. ఆయన నోటితోనే ఒప్పుకోవాలి.

జూలై 28
ఫోన్ రాలేదు.

జూలై 29
రాలేదు. మామయ్యగారు మెట్లెక్కుతూ మధ్యలో ఆగారు. అంట్లు తోముతున్న దాన్ని పరుగెత్తాను. చెప్పు తెగిందట, అంతే. నాకు భయంగా ఉంది.

జూలై 30, సాయంత్రం
వచ్చింది. ఉదయం పదకొండింటికి కొట్లో, బుల్లిబాబుగారు ఎదురుగా కూర్చుని టీ తాగుతుండగా. మామయ్యగారికి చెవుడు, ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే. గుండె జబ్బు ఏమైనా ఉందా అని డాక్టర్ అడిగింది. ఆయన నా వంక చూశారు. నేను అందరి ముందూ చేతులు జోడించాను.

ఉందండి, స్టెంటేశారు, రెండేళ్లయింది, రోజూ మందులేసుకుంటున్నా అన్నారు, హమాలీలకి వినపడేంత గట్టిగా. బుల్లిబాబుగారు గ్లాసు పెట్టేసి వెళ్లిపోయారు. మామయ్యగారు మధ్యాహ్నం భోజనానికి రాలేదు. గెలిచినట్టు లేదు నాకు.

జూలై 31
పాలసీ వచ్చింది. సాయంత్రం బుల్లిబాబుగారు ఇంటికొచ్చి, తలుపు దగ్గరగా వేయమన్నారు. ఆయనకి రెండు స్టెంట్లట. కాయితాల్లో అబద్ధం రాశానమ్మా, ఇప్పుడు దిద్దుకోనిస్తారా అని అడిగారు.