మా ఇంటాయన పాత పాపాలు

చోడవరం,
ఫిబ్రవరి 1974

పాస్టరుగారికి,

కోపంతోనే వందనాలు. బాప్తిస్మం తీసుకున్నకాడినించీ మా ఇంటాయన ఆదివారం ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం సెప్తన్నాడు. కల్లు వాసనకే కక్కుకునే మనిషి, ఒకప్పుడు తాగుబోతునన్నాడు. మీరు "స్తోత్రం" అన్నకొద్దీ ఆయన పాత పాపాలు పెరిగిపోతన్నాయి. మొన్న ఆదివారం, బుచ్చయ్యపేటలో ఎద్దుని దొంగిలించేనని ఏడిసేడు.

సోమవారం తెల్లారేసరికి ఎద్దులు పోయినోళ్లు ముగ్గురు మా గుమ్మంలో కూకున్నారు. ఒకడు మాకున్న ఒక్క ఎద్దునీ తోలుకుపోయేడు. మిగతా ఇద్దరూ ఇంకా కూకునే ఉన్నారు. సెరుకు బండికి ఇప్పుడు నన్ను కడతాడా? "అదంతా అబద్ధమని సెప్పేయ్ మావా" అంటే, "సంఘంలో నా పరువేటవుద్దే" అంటన్నాడు.

మీరైనా ఆపండి. లేదంటే వచ్చే ఆదివారం నేనూ లేచి సాక్ష్యం సెప్తాను: మారుమనసు పొందకముందు ఈ మనిషి ఒక్క అబద్ధమాడి ఎరగడు.

ఇట్లు,
ఆయన పెళ్లాం