కదలకుండా రెండు నిమిషాలు

ఫిబ్రవరి 4

నాటక పోటీ వాళ్ళు మా ఎంట్రీ తిప్పి పంపారు. లోపం నాటకంలో లేదట, వీడియోలో ఉందట. మొహాలు సున్నం కొట్టినట్టున్నాయట, చేతులు ముద్దల్లా ఉన్నాయట. తీసింది నేనే. పన్నెండేళ్ళుగా మా ట్రూపు నాటకాలన్నీ నేనే తీస్తున్నాను. తల కొట్టేసినట్టయింది.

నెలాఖరులోగా కొత్త రికార్డింగ్ పంపితే మళ్ళీ చూస్తారట. అక్కది ముఖ్య వేషం. అక్కకి యాభై ఒకటి. ఇప్పుడు పెద్ద స్టేజీ ఎక్కకపోతే ఇక ఎక్కదు. ఆ మాట అక్క అనదు. నేనే అనుకుంటూ ఉంటాను.

ఫిబ్రవరి 7

ఆటో ఎక్స్‌పోజర్ పీకేశాను. స్టేజీ అంతా నల్లగా ఉండేసరికి కెమెరా కంగారుపడి వెలుగు పెంచేస్తుంది, స్పాట్‌లైట్ కింద మొహం మాడిపోతుంది. ఇక నుంచి అక్క బుగ్గ చూసి నేనే సెట్ చేసుకుంటాను. ఫోకస్ కూడా మాన్యువల్. నాయిస్ రిడక్షన్ కూడా ఆపేశాను. అది బొమ్మలో గరుకు పోగొట్టే వంకతో కనుబొమలు కూడా తుడిచేస్తోంది. ఇన్నాళ్ళూ ఇది తెలియక కాదు, బద్ధకం.

బాల్కనీ వదిలి మూడో వరసలోకి దిగుతానని చెబితే అక్క మొహం అదోలా పెట్టింది. అంత దగ్గర ఎందుకు, బాల్కనీయే నయం అంది. ముడతలు బయటపడతాయని భయమా అని ఏడిపించాను. నవ్వేసి ఊరుకుంది.

ఫిబ్రవరి 9

ఫోన్ చేసి మళ్ళీ బాల్కనీ అంది. నేను వింటేగా.

ఫిబ్రవరి 15

రికార్డింగ్ అయింది. నాటకం చివర్లో, అక్క వేసే ఆమెకి భర్త చనిపోయిన కబురు వస్తుంది. అక్క ఏడవదు, కూలబడదు. రెండు నిమిషాలు కదలకుండా నిలబడుతుంది, అంతే. మాటలేదు, మ్యూజిక్ లేదు. ఈ రెండు నిమిషాల కోసమే జనం మళ్ళీ మళ్ళీ వస్తారు. ఇవాళ హాల్లో దగ్గు కూడా వినపడలేదు. నేను ఊపిరి బిగబట్టి ఫోకస్ రింగు మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఈసారి కొట్టేశాం అనిపించింది.

ఫిబ్రవరి 16, ఉదయం 9

పెద్ద మానిటర్ మీద చూశాను. పన్నెండేళ్ళలో ఇలాంటిది తీయలేదు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. కింది రెప్ప దగ్గర నీరు నిలబడిపోయి ఉంది, రాలడం లేదు. అక్క నీళ్ళని కూడా ఆపుతుందని నాకు ఇవాళే తెలిసింది.

కానీ ఆ రెండు నిమిషాల్లో కెమెరా ఊగింది. అక్క కుడిచేతి దగ్గర సన్నగా వణుకు. ఒళ్ళు మండిపోయింది.

ఉదయం 11

హాలుకి వెళ్ళి ట్రైపాడ్ మళ్ళీ అక్కడే పెట్టి చూశాను. చెక్క ఫ్లోరు, కింద ఏసీ మోటారు. అదే అయ్యుంటుంది. నా తప్పే, కాళ్ళకి బరువు కట్టాల్సింది. ఆ రెండు నిమిషాల క్లిప్పు ట్రూపు గ్రూపులో పెట్టాను. కెమెరా కొంచెం ఊగింది, క్షమించండి, మళ్ళీ తీద్దామా అని రాశాను.

సాయంత్రం 4

గ్రూపులో పదిహేడు మందీ చూశారు. ఎవ్వరూ జవాబివ్వలేదు. కాసేపటికి డైరెక్టర్ గారు ఫోన్ చేశారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, మెల్లగా మాట్లాడారు.

"కెమెరా ఊగలేదమ్మా. వెనక తెర చూడు."

చూశాను. తెర ఊగలేదు. పక్కనున్న కుర్చీ ఊగలేదు. అక్క భుజం కూడా ఊగలేదు. చెయ్యి ఒక్కటే.

ఫిబ్రవరి 17

గ్రూపులోంచి క్లిప్పు తీసేశాను. ఏం లాభం.

ఫిబ్రవరి 18

అక్క ఇంటికి వెళ్ళాను. బావగారు తలుపు తీసి, నా మొహం చూసి, పాలు తెస్తానని బయటికి వెళ్ళిపోయారు. ఆయనకి తెలుసు. డాక్టరుకి తెలుసు. పదహారు నెలలుగా తెలుసట. మందులు వాడుతోందట. కదులుతున్నంతసేపూ చెయ్యి మాట వింటుందట, ఊరికే ఉంచితేనే వణుకు మొదలవుతుందట. నడిచే సీన్లు, అరిచే సీన్లు అన్నీ బాగానే లాక్కొచ్చింది. నిలబడే సీనొక్కటే. ఒకప్పుడు అక్కకి అదే తేలిక.

బాల్కనీ నుంచి ఎవరికీ కనపడదులే అనుకుందట. నాకు చెబితే నేను దిగులుపడి కెమెరా పట్టుకోలేనని చెప్పలేదట.

నేను ఏడ్చాను. భోరుమని, చిన్నపిల్లలా. అక్కే నీళ్ళు తెచ్చి ఇచ్చింది. గ్లాసు తెచ్చిన చెయ్యి వణకలేదు. అది చూసి ఇంకా ఏడ్చాను.

ఫిబ్రవరి 20

అక్క వేషం కొత్తమ్మాయికి ఇస్తున్నారని డైరెక్టర్ గారితో గొడవపడ్డాను. మొగుడు పోయినదాని చెయ్యి వణికితే తప్పేముంది, ఇంకా సహజంగా ఉంటుంది కదా అన్నాను. ఆయన కాదనలేదు. వణికినా సరే నువ్వే చెయ్యమని ఆయన ముందే అక్కని అడిగారట. వద్దన్నది అక్కేనట.

అక్క ఇంటికెళ్ళి నిలదీశాను. అక్క బట్టలు మడతపెడుతూ తలెత్తకుండా చెప్పింది.

"నేను వణికిస్తే అది నటన. దానంతటది వణికితే జనం చూసేది నన్నే, ఆమెని కాదు."

మిగిలిన బట్టలు నేను మడతపెట్టాను.

ఫిబ్రవరి 21

చెయ్యి కనపడకుండా ఫ్రేము కత్తిరించి చూశాను. మొహం ఒక్కటే ఉంచితే అద్భుతం. ఎవరికీ తెలియదు. అక్కకి పంపాను. వద్దంది. ఒక్క అక్షరం తేడా లేకుండా మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ వద్దంది.

నేను దగ్గరికి దిగకపోతే అక్క ఇంకో ఏడాది ఆ వేషం చేసుకునేది. నేనే దిగాను.

ఫిబ్రవరి 27

కొత్తమ్మాయితో తీసిన రికార్డింగ్ పంపారు. తీసింది నేనే. ఇంకెవరు తీస్తారు. చాలా షార్ప్‌గా వచ్చింది.

మార్చి 12

సెలెక్ట్ అయ్యామట. గ్రూపంతా చప్పట్ల బొమ్మలు. అక్క కూడా పెట్టింది.

మార్చి 19

ఆ అమ్మాయికి నిలబడటం నేర్పడానికి అక్క హాలుకి వచ్చింది. పోటీకి వెళ్ళే ప్రయాణంలో ఆ అమ్మాయి చూసుకోవడానికి ఉంటుంది, తీసిపెట్టు అంది. అక్క స్టేజీ మధ్యలో రెండు నిమిషాలు నిలబడి చూపించింది. ట్రైపాడ్ కారులోనే వదిలేశాను. చేత్తో పట్టుకుని, కావాలనే మోచేతులు ఒంటికి ఆనించకుండా తీశాను. తెర ఊగింది, కుర్చీ ఊగింది, స్టేజీ అంతా ఊగింది.