క్యాబిన్ ముందు ర్యాంపు

మంగళవారం, నాచారం

దమ్మాయిగూడలోని మా ప్లాటులో రెడీమేడ్ క్యాబిన్ ఇంటి కోసం దిమ్మెలు కట్టడం ఈరోజు అయిపోయింది. గురువారం క్రేన్ వచ్చి క్యాబిన్‌ను వాటి మీద దింపుతుంది. వాన నీళ్లు నిలిచే చోటని మేస్త్రీ మల్లయ్య దిమ్మెలను మోకాలెత్తు లేపాడు. అంత ఎత్తుకు మళ్లీ మెట్లే కావాలి. ఫ్యాక్టరీలో కాలు పోయినప్పటి నుంచి మా ఆయన నాచారంలో మేముండే ఈ రెండో అంతస్తు దిగలేదు. మెట్లు లేని ఇల్లు కావాలనే కదా ఈ క్యాబిన్ తెప్పిస్తున్నది.

"జర ఎత్తు తగ్గియ్యన్నా," అన్నాను.

"తగ్గిస్తే నీళ్లు లోపలికొస్తయక్కా. వాలుగా ర్యాంపు పోద్దాం. గాని అది గేటు దాకా వస్తది, బండి పెట్టనీకి జాగ ఉండదు."

"బండి రోడ్డు మీదుంటది. నువ్వు ర్యాంపు పొయ్యన్నా."

సాయంత్రం దాకా దగ్గరుండి కంకర పరిపించాను. రేపు కాంక్రీటు. ఈ ఇంటి మెట్లు ఆయన్ను ఎలా దింపాలన్నదే దిగులు. తమ్ముణ్ని రమ్మన్నాను, ఎత్తుకునైనా దింపుతాం. అసలు ఆయన వస్తానంటాడో లేదో...

రాత్రి ఆయనకు ర్యాంపు సంగతి చెప్పాను. అన్నం తింటూ మెల్లగా అన్నాడు:

"వాలు ఎక్కువ పెట్టనియ్యకు. చక్రాల కుర్చీ నేనే తోసుకోవాలె."