రెండో గంప

మదనపల్లె, 1949

తమ్ముడు దయానందానికి,

నీకోసం ప్రార్థన చేసి లేచి రాస్తున్నాను.

సర్కారు కూలి పెంచిందని, రోజుకు రెండు గంపల శనక్కాయలు వలవలేని ఆడవాళ్లను సోమవారం నుంచి నీ షెడ్డుకు రావద్దన్నావట. కెంపమ్మ పుంగనూరు నుంచి బస్సెక్కి వచ్చి నా ఇంట్లో కూర్చున్నది. వేళ్లు వంగిపోయిన మనిషి, ఒక గంపే వలవగలదు.

"పాత కూలే సాలని మీ తమ్మునికి రాయమ్మా. పని లేకుంటే నాకు గంజి యాడిది?" అంటున్నది.

ఆ మాట నేను రాయను. ఈమె పాత కూలికి వస్తే, రేపు అందరినీ దానికే రమ్మంటావు. అలాగని ఈమెను పస్తుండమనలేను.

సోమవారం నేనూ వస్తాను. కెంపమ్మ పక్కన కూర్చుని రెండో గంప నేను వలుస్తాను. సాయంత్రం కొలిచేటప్పుడు నువ్వే ఎదుట ఉండు.

నీ పెద్దక్క