ఆదోనికి అందని దరఖాస్తు

ఎమ్మిగనూరు, 14 జూన్ 1978, బుధవారం.

ఆ టైపు మిషను వాడి మీద కోపం ఇంకా చల్లారలేదు. నా పాత విద్యార్థిని, మగ్గం నేసే హుసేను కూతురు నూర్జహాన్, ఆదోని మిల్లులో గుమాస్తా పనికి దరఖాస్తు కొట్టించుకుని, నాకొకసారి చూపించిపోదామని వచ్చింది. ఈరోజు అయిదు గంటల్లోగా అక్కడ ఇవ్వాలి. అందులో 'ఐ వర్క్ హార్డ్‌లీ' అని ఉంది! కష్టపడి పనిచేస్తానని చెప్పబోయి, పనే చేయనని చెప్పినట్టయింది. 'హార్డ్' అంటే చాలు, దానికి తోక తగిలించవద్దని ముప్పై ఏళ్లు మొత్తుకున్నాను.

"పెన్నుతో కొట్టేస్తే సాలదా సారూ? మూడు గంటల బస్సుకు పోవల్ల" అన్నది.

కొట్టివేత ఉన్న కాగితం నా చేతి మీదుగా పోదన్నాను. నేనే వెంట వెళ్లి ఆ టైపు మిషను వాణ్ణి మళ్లీ టైపు చేయమన్నాను.

"యాటికి సారూ అంత కోపం? మిల్లోళ్లకు మాత్రం ఇంగ్లీసొచ్చునా?" అని వాడు నవ్వి, బీడీ ముట్టించి, తీరిగ్గా కొట్టాడు. బస్సు పోయింది. తరువాతి బస్సులో ఆ పిల్ల చేరేసరికి మిల్లు ఆఫీసుకు తాళం వేసి ఉందట.

ఇందాక హుసేను వచ్చి, ఆ దరఖాస్తు నా బల్ల మీద పెట్టాడు. కోప్పడలేదు.

"మీరు మంచికే సెప్పినారు సారూ. పాప ఇంగ మగ్గం కాడనే కూర్సుంటాదిలే" అన్నాడు.

తిట్టినా బాగుండేది. వాడు వెళ్లాక ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాను. ఒక్క తప్పూ లేదు.