కిచెన్ లిస్టు

డిసెంబర్ 3, 2023, ఆదివారం

ఆరాధన అయ్యాక నేతన్ తన ఉద్యోగం కాగితాలు బల్ల మీద పెట్టాడు. నాలుగు పేజీలు, అన్నీ రష్యన్ అక్షరాలే. పాస్టరుగారు, నేను, చెల్లెలు నవోమి వాటి మీద చేతులుంచి ప్రార్థించాం. ఒక్క ముక్క కూడా మాకు రాదు. దేవునికి అన్ని భాషలూ వచ్చులే అని నేతన్ అంటే అందరం నవ్వాం. తర్వాత వాడు సంతకం చేశాడు. రష్యాలో సెక్యూరిటీ హెల్పర్ ఉద్యోగం. యుద్ధం జరిగే చోటు అక్కడికి చాలా దూరమని ఏజెంట్ రాఘవేందర్ చెప్పాడు.

నేను లేచి సాక్ష్యం చెప్పాను. తండ్రి లేని నా చెల్లెలి కొడుకు, ఇరవై మూడేళ్ళవాడు, అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు చేసి రెండేళ్ళు ఖాళీగా ఉన్నవాడు, వాడికి దారి దొరికిందని. చాలామంది ఆమెన్ అన్నారు.

డిసెంబర్ 11

నేతన్ వెళ్ళాడు. ఎయిర్‌పోర్టులో నవోమి ఏడ్చింది. నేను ఏడవలేదు. సంతోషంగానే ఉన్నాను.

డిసెంబర్ 28, ఉదయం 5.30

ప్రార్థన ముగించి ఫోన్ చూశాను. ఫోటో పంపాడు. గుండు, పచ్చ యూనిఫాం. సెక్యూరిటీ వాళ్ళకూ యూనిఫాం ఉంటుంది కదా, నువ్వు పనిచేసే హాస్టల్ వాచ్‌మన్ కూడా వేసుకుంటాడు అంది నవోమి. వాచ్‌మన్ దగ్గర కర్ర ఉంటుంది. నేతన్ భుజాన తుపాకి ఉంది. ఆ మాట నేను అనలేదు.

జనవరి 6, 2024, శనివారం

నేతన్ ఫోన్. వారానికి ఒకసారి పది నిమిషాలు ఫోన్లు ఇస్తారట. బాత్‌రూంలోంచి గుసగుసగా మాట్లాడాడు.

అది ట్రెయినింగ్ క్యాంపు. నేల గడ్డకట్టి రాయిలా ఉంది, పార దిగదు. ఆ నేలలోనే మనిషి పట్టే గొయ్యి తవ్వాలి. గ్రెనేడ్ విసరడం నేర్పారు. వాళ్ళు చెప్పేది అర్థం కాదు. చెయ్యి చూపితే పడుకోవాలి, ఈల వేస్తే పరుగెత్తాలి. బూట్లు రెండు సైజులు పెద్దవి, మూడు జతల మేజోళ్ళు తొడుక్కుంటున్నాడు. మనవాళ్ళు ఆరుగురు ఉన్నారు. ఆ దేశం కుర్రాళ్ళకే ఈ యుద్ధం వద్దట. పక్క మంచం వాడు కావాలని చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టి మళ్ళీ తెచ్చి వరసలో నిలబెట్టారు. పంతొమ్మిదేళ్ళట.

"పెద్దమ్మా, నేను గన్ పట్టుకోనీకి రాలే. అమ్మకు చెప్పకు."

జనవరి 8

నేను వార్డెన్‌గా ఉన్న లేడీస్ హాస్టల్ అమీర్‌పేటలో మూడో అంతస్తు. మొదటి అంతస్తులో విదేశీ భాషలు నేర్పే ఇన్‌స్టిట్యూట్. జర్మన్, ఫ్రెంచ్, రష్యన్ అని బోర్డు. పదకొండేళ్ళుగా ఆ బోర్డు పక్కనుంచే మెట్లెక్కుతున్నాను. ఇవాళ ఆగాను.

రష్యన్ చెప్పే ఆయన పేరు కేదార్. ఫోన్‌లో కాగితాల ఫోటోలు చూపించాను. సైన్యంలో చేరే ఒప్పందమట. ఏడాది. మధ్యలో వదిలి రావడం లేదు. ఎక్కడికి పంపితే అక్కడికి. సంతకం ఎప్పుడు చేశాడని అడిగారు. చెప్పాను. ఆయన ఫోన్ నా చేతికిచ్చి కిటికీ వైపు చూశారు.

సంతకానికి ముందే చేయించాల్సిన ఐదు నిమిషాల పని.

జనవరి 11

నవోమికి చెప్పేశాను. రాఘవేందర్‌ను పంజాగుట్టలో మా ఇంటికి పిలిపించాం. బెదురు లేకుండా వచ్చాడు. చాయ్ తాగాడు. ట్రెయినింగ్ ఈ నెలాఖరుకు అయిపోతుందన్నాడు. అప్పుడు రెండు లిస్టులు వేస్తారట. ఒకటి కిచెన్, ఒకటి ఫ్రంటు. కిచెన్ లిస్టులో పేరు రాయించగల మనిషి తనకు తెలుసట.

ఇరవై రెండున ఇంకో ఐదుగురు బయలుదేరుతున్నారు. ముగ్గురు మా చర్చి పిల్లలు, నా సాక్ష్యం విని ఒప్పుకున్న ఇళ్ళవాళ్ళు. ఒకడు చింటు, మా గల్లీ మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఐలయ్య కొడుకు.

"అక్కా, మీరేం జెయ్యొద్దు. ఊకుంటే చాలు. నేతన్ కిచెన్ల ఉంటడు, ఉల్లిగడ్డలు కోసుకుంట."

జనవరి 12

నవోమి నా కాళ్ళు పట్టుకుంది. లేపాను. లేచాక అంది.

"ప్రార్థన జేస్తవు గద అక్కా, జేస్కో. నోరు మాత్రం తెరవకు. నీకు పిల్లలుంటే తెలుస్తుండె."

తర్వాత క్షమించమంది. నేతన్‌ను బడికి దింపి వచ్చింది ఎక్కువ రోజులు నేనే. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా అనను.

జనవరి 16

ఐలయ్య బండి ముందు నుంచి పోలేక నాలుగు రోజులుగా వెనక గల్లీలోంచి వెళ్తున్నాను.

జనవరి 18

ఐలయ్య ఇంటికే వచ్చాడు. వాళ్ళు కొబ్బరికాయ కొట్టే మనుషులు. అయినా చింటు కాగితాల మీద నన్ను ప్రార్థన చేయమన్నాడు. నేతన్‌కు కలిసొచ్చింది గదా అన్నాడు. మడత పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చాడు. నవోమి తలుపు పట్టుకుని నా మొహమే చూస్తోంది.

కవరు తీసుకున్నాను. తిరిగి ఇచ్చేశాను.

"పంపకు ఐలయ్యా. అది నౌకరి గాదు, మిలిటరీ. మా నేతన్ తుపాకి పట్టుకోని ఉన్నడు."

"మరి చర్చిల మంచిగ చెప్పినవంట గదక్కా?"

"తెల్వక చెప్పిన."

ఆయన కవరు చంకలో పెట్టుకున్నాడు. అక్కడ నేతన్‌కు తిండి పెడుతున్నారా అని అడిగాడు. ఆ తర్వాత వెళ్ళాడు. నవోమి లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

జనవరి 21, ఆదివారం

సాక్ష్యాల సమయంలో లేచాను. డిసెంబర్‌లో నేను చెప్పింది నిజం కాదని చెప్పాను. కూర్చోమని పాస్టరుగారు సైగ చేశారు. అంతా చెప్పే కూర్చున్నాను. మా వాడు వెళ్ళాక మిగతావాళ్ళకు దారి మూస్తున్నానని ఒకామె అంది.

జనవరి 22

ఐదుగురూ వెళ్ళలేదు. రాఘవేందర్ ఒక్క మెసేజ్ పెట్టాడు. మీ ఇష్టం అక్కా అని.

జనవరి 27, శనివారం, మధ్యాహ్నం 3.10

నేతన్. రెండే నిమిషాలు. పేర్లు చదివారట. కిచెన్‌లో ఇద్దరే, తను లేడు. రేపు బస్సు. ఎందుకిలా అయిందని వాడు అడగలేదు. నేను చెప్పలేదు. చలికి చెవులు కప్పుకోమన్నాను. సరే పెద్దమ్మా అన్నాడు.

లిస్టు ముందే రాసి ఉంటుందేమో. రాఘవేందర్‌కు అక్కడ ఎవరూ తెలియదేమో. అలా అనుకోవాలని ఉంది. మోకరిస్తే దేవుని ముందు ఆ మాట నిలబడడం లేదు.

ఫిబ్రవరి 14

వాడిని వెనక్కి రప్పించమని ఢిల్లీకి మూడో అర్జీ పంపాను. నేతన్ ఫోన్ లేదు. నవోమి నాతో మాట్లాడదు.

మార్చి 6

ఎంబసీ నుంచి ఫోన్. నవోమి ఎత్తింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి నేల మీద కూర్చుని ఉంది. ఫోన్ అందుకున్నాను. చనిపోయినవాడు నేతనేనా అని సరిచూసుకోవడానికి పుట్టిన తేదీ అడుగుతున్నారు. నేను చెప్పాను.

మార్చి 19

నవోమి ఇవాళ ఇల్లు దాటింది. వెనకే వెళ్ళాను. ఐలయ్య బండి ముందు ఆగింది. చింటు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నిలబడ్డాడు. వాడిని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. చాలాసేపు చూసింది. వెనక్కి తిరిగింది.

ఇంటికి వచ్చి నాకు అన్నం పెట్టింది.

తిన్నాను.